మాత్రల సంచి మంచం మీద కుమ్మరించండి

కొత్త పేషంటు వార్డులోకి వచ్చి మంచం మీద ఒరగ్గానే నేను అడిగే మొదటి మాట: "మాత్రల సంచి ఏదమ్మా?" సగంమంది దాన్ని ఇంటి దగ్గరే మర్చిపోయి వస్తారు. మిగతావాళ్ళు "అవన్నీ పాతవి మేడమ్, ఇప్పుడు మీరిచ్చేవి వేస్తాం కదా" అని మంచం కిందికి తోసేస్తారు. నాకు కావలసింది ఆ పాతవే.

తిరుపతిలో స్టాఫ్ నర్సుగా నాకిది 26వ ఏడు. మెడికల్ వార్డు, ఐసీయూ, గుండె వార్డు అన్నీ తిరిగాను. మందుకూ మందుకూ పడక, బాగైపోతున్న మనిషి ఉన్నట్టుండి అడ్డం తిరగడం చాలాసార్లు చూశాను. డాక్టర్లకు పాఠం చెప్పేదాన్ని కాను నేను. వాళ్ళకు చదువుంది, ఫార్మసిస్టులున్నారు, ఫోన్లో చూసుకునే యాప్‌లున్నాయి. నేను రాసేది మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే మీకు. డాక్టర్లు రౌండ్సుకొచ్చి పోతారు, మేం షిఫ్టు మారతాం. పేషంటు నోట్లోకీ నరంలోకీ పోయే ప్రతిదీ పొద్దున్నుంచి రాత్రిదాకా చూసేది మీరొక్కరే.

మొన్నామధ్య పీలేరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. నీరసం, ఆయాసం. బట్టల షాపు సంచిలో మాత్రలన్నీ దుప్పటి మీద కుమ్మరిస్తే 11 రకాలు తేలాయి. గుండెకు వేలూరులో రాసినవి, షుగరుకు పీలేరులో రాసినవి, మోకాళ్ళకు ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇచ్చినవి, కంటి చుక్కలు, కోడలు కొనుక్కొచ్చిన లేహ్యం. అందులో రెండు స్ట్రిప్పులు పక్కపక్కన పెట్టి చూశాను. ముందువైపు పేర్లకు ఏం పొంతన లేదు, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. వెనక్కి తిప్పి చిన్నక్షరాలు చదివితే రెండింట్లోనూ ఆస్పిరిన్ ఉంది, ఒకదాంట్లో ఇంకో మందుతో కలిపి. దానికి తోడు మోకాళ్ళ మాత్ర కూడా కడుపులో పుండు చేసే రకమే. "మోషన్ నల్లగా వస్తోందా తాతా?" అంటే, "నెలరోజులుగా తారులాగ వస్తాంది, వయసుకి అంతే గదా అనుకుంటి" అన్నాడు. కడుపులో రక్తం కారుతోందన్న గుర్తది. హిమోగ్లోబిన్ 6, ఉండాల్సినదాంట్లో సగం కూడా లేదు.

వీటిలో ఏ చీటీ కూడా దానికది తప్పు కాదు. ఒకరు రాసింది ఇంకొకరు చూడలేదు, అంతే. లెక్క వేసి చూడండి. 5 మందులుంటే రెండేసి చొప్పున 10 జతలు. 11 మందులకు 55 జతలు. ఆసుపత్రిలో చేరగానే ఇంకో ఐదారు కలుస్తాయి. ఆ జతలన్నీ ఎవరైనా చూడాలంటే, ముందు మందులన్నీ ఒకే కాగితం మీదికి రావాలి.

ఇది పేషంటు వాళ్ళ తెలివితక్కువ అనుకోకండి. నేనే చేశాను.

మా అమ్మకు గుండెలో మైట్రల్ కవాటం తీసి లోహపు కవాటం పెట్టారు. అప్పట్నుంచీ రక్తం గడ్డకట్టకుండా రోజూ సాయంత్రం ఆసిట్రోమ్ వేసుకుంటుంది. చంద్రగిరి దగ్గర మా పల్లెలోనే తమ్ముడి దగ్గర ఉంటుంది. ఒక ఎండాకాలం విరేచనాలు పట్టుకున్నాయి. తమ్ముడు ఫోన్ చేసి, "మెట్రోనిడజోల్ రాశారక్కా, వెయ్యచ్చా?" అనడిగాడు. నేను డ్యూటీలో ఉన్నాను, ఎదురుగా సీరియస్ కేసు. "మోషన్లకే కదా, వెయ్యిరా" అని పెట్టేశాను. ఇదే మందు ఇంకెవరికైనా రాసుంటే, ఆసిట్రోమ్ పేరు చూడగానే డాక్టరుకు ఫోన్ చేసేదాన్ని.

ఐదో రోజు అమ్మే ఫోన్ చేసింది. "పాపా, పండ్లు తోముకుంటే ఉమ్మి ఎర్రగా వస్తాంది." పోయి చూస్తే, బీపీ చూసిన పట్టీ చుట్టుకున్న చోట చెయ్యంతా నేరేడుపండు రంగు. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే పరీక్ష ఐఎన్ఆర్. ఆమెకు అది రెండున్నర నుంచి మూడున్నర మధ్య ఉండాలి. 8 దాటింది. అప్పుడు డాక్టర్ల ఇబ్బంది చూడాలి: ఆసిట్రోమ్‌కు విరుగుడైన విటమిన్ కె ఎక్కువిస్తే లోహపు కవాటం మీద రక్తం గడ్డకట్టొచ్చు, ఇవ్వకపోతే తలలో రక్తం చిమ్మొచ్చు. ఆరు రోజులు గంటగంటకూ నా పేరు నేనే తిట్టుకున్నాను.

జరిగిందేమిటంటే, ఆసిట్రోమ్‌ను కాలేయం రోజూ కొంచెం కొంచెంగా విరిచి బయటికి పంపిస్తుంది. మెట్రోనిడజోల్ ఆ పనిని అడ్డుకుంటుంది. మన తిరుమల క్యూ కాంప్లెక్సులో ముందు గేటు మూసేస్తే వెనక కంపార్టుమెంట్లు నిండిపోవూ, అట్లా పాత మందు రక్తంలో పేరుకుపోతుంది. మోతాదు అదే, పని మాత్రం రెట్టింపు. విరేచనాలతో అన్నం, విటమిన్ కె ఉండే ఆకుకూరా మానేసింది కాబట్టి ఆమెకు ఇంకా తొందరగా ఎక్కింది. టీబీకిచ్చే రిఫాంపిసిన్ దీనికి తలకిందులు, అది గేట్లన్నీ ఒకేసారి తెరిచేస్తుంది. ఆసిట్రోమ్, కుటుంబ నియంత్రణ మాత్రలు, ఇంకా చాలా మందులు నిలవకుండా బయటికి పోయి పనిచెయ్యకుండా అవుతాయి.

సరే, సంచి సంగతికొద్దాం. చేరే రోజే చెయ్యండి, మర్నాటికి పెట్టుకోవద్దు.

ఒక తెల్ల కాగితం తీసుకోండి. స్ట్రిప్పు మీద పెద్దక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. దాని కింద చిన్నగా ఉండేదే అసలు మందు. ఆ రెండో పేరు, పక్కనుండే మిల్లీగ్రాములు, రోజుకెన్నిసార్లు, ఎవరు రాశారు, చివరి మాత్ర ఎప్పుడు వేశారు, ఇవి రాయండి. చివరిది చాలామంది వదిలేస్తారు. రక్తం పలచన చేసే మాత్ర నిన్న రాత్రి వేశారా, మూడు రోజుల కిందట వేశారా అన్నదాన్ని బట్టి ఆపరేషన్ తేదీ మారిపోతుంది. ఇంగ్లీషు రాయడం రాకపోతే ప్రతి స్ట్రిప్పుకూ రెండువైపులా ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోండి, చాలు.

మెడికల్ షాపుల్లో నాలుగు మాత్రలకు స్ట్రిప్పు కత్తిరించి ఇస్తారు కదా, ఆ ముక్క మీద పేరు ఉండదు, ఎక్స్‌పైరీ ఉండదు. పేరున్న వైపు కత్తిరించకుండా చివరి నుంచి వాడుకోండి. ఉత్త తెల్ల మాత్రను అరచేతిలో పెట్టి "ఇదేంటో చెప్పండి మేడమ్" అంటే ఎంత సర్వీసున్నా చెప్పలేను.

జనం మందు కిందే లెక్క వెయ్యనివి కొన్నుంటాయి. ఇన్సులిన్, పీల్చే పంపు, వారానికొకసారి వేసే మాత్ర, కాల్షియం, ఐరన్, గ్యాసుకు తాగే తెల్లమందు, ఆర్‌ఎంపీ వేసిన నొప్పుల సూది, నిద్రమాత్ర. కంటి చుక్కలైతే మరీ. నీటికాసులకు వేసే టిమొలాల్ చుక్కలు కన్ను దాటి రక్తంలో కలుస్తాయి. గుండెకు మెటొప్రొలాల్ వేసుకునే ఒకామెకు నాడి 42కు పడిపోయి కళ్ళు తిరిగి పడింది. రెండూ గుండె వేగాన్ని తగ్గించే ఒకే జాతి మందులు. ఆ చుక్కల సీసా ఆమె జాకెట్టులోని పర్సులో దొరికింది. ఆస్తమా ఉన్నవాళ్ళకైతే ఆ చుక్కలు పిల్లికూతలు తెప్పిస్తాయి.

లేహ్యాలు, కషాయాలు కూడా కాగితం మీద రాయండి. ఆయుర్వేదమంటే నాకు చులకన లేదు, మా ఇంట్లో దగ్గుకు అతిమధురం నమలని పిల్లలు లేరు. కానీ నెలల తరబడి అతిమధురం తింటే ఒంట్లో పొటాషియం తగ్గుతుంది, బీపీ పెరుగుతుంది. నీరు పోవడానికి ఇచ్చే మాత్రలు, గుండెకు డిగాక్సిన్ వేసుకునేవాళ్ళకు అది గుండె లయ తప్పించేంత పని చేస్తుంది.

ఇంకో రెండున్నాయి, భార్యాపిల్లల ముందు నోట్లోంచి రానివి. ఒకటి తాగుడు అలవాటు. రెండోది మగతనం మాత్రలు. ఛాతీనొప్పికి నాలుక కింద సార్బిట్రేట్ పెట్టేముందు సిల్డెనాఫిల్ వేసుకున్నారా అని మేం అడిగేది ఆటపట్టించడానికి కాదు. రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా కూలిపోతుంది. "కొంచెం బయటికి పోండమ్మా" అని మేం అనకముందే మీరే లేచి వెళ్ళి ఆయన్ని డాక్టరుతో ఒంటరిగా వదలండి. ఐదు నిమిషాల పని.

కాగితం తయారైందా, దాన్ని దిండు కింద దాచకుండా రౌండ్సులో చేత్తో చాపి చూపించండి. కొత్త మందు రాసినప్పుడు "సైడ్ ఎఫెక్ట్స్ ఉంటాయా సార్?" అని అడగొద్దు. ఆ ప్రశ్నకు "ఏం కాదులే" అన్నదే జవాబు. పేరు పెట్టి అడగండి: "ఈయన ముందునుంచీ ఆసిట్రోమ్ వేసుకుంటున్నాడు సార్, ఈ కొత్తది దాంతో పడుతుందా?" పేరు చెవిన పడగానే ఎంత తొందరలో ఉన్న డాక్టరైనా ఆగుతాడు. తరవాత ఇంకొక్కటి అడగండి: "ఏం కనబడితే మిమ్మల్ని పిలవాలి?"

ఎవరు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి అంటే, నా లెక్కలో ముందుండేది ఆసిట్రోమ్, అదే పని చేసే వార్ఫరిన్ వాడేవాళ్ళు. మెట్రోనిడజోల్ ఒక్కటే కాదు, కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్, ఫంగస్‌కిచ్చే ఫ్లుకోనజోల్, నొప్పి మాత్రలు ఏది మొదలైనా ఐఎన్ఆర్ ముందుగానే చూడాలి. మొదలుపెట్టినప్పుడే కాదు, ఆపినప్పుడూ. ఆకుకూరలు మానెయ్యమని ఎవరో చెబుతారు, వద్దు. తోటకూరైనా మునగాకైనా వారానికి తినేది ఒకే మాదిరిగా ఉండాలి. ఆసుపత్రిలో పది రోజులు ఇడ్లీ, బ్రెడ్డు తిని, ఇంటికెళ్ళి ఒక్కసారిగా రోజూ సంగటీ ఆకుకూర పప్పూ మొదలుపెడితే ఐఎన్ఆర్ కిందికి జారుతుంది. తిరుమలలో గుండు చేయించుకునే ముందు కూడా ఈ మాత్ర వాడుతున్నానని క్షురకుడితో ఒక మాట చెప్పండి. చిన్న గాటు పడినా చాలాసేపు కారుతుంది.

తరవాత మోకాళ్ళ మాత్రలు. ఇది మన తిరుపతి జబ్బనే చెప్పాలి. బీపీకి టెల్మిసార్టన్, దాంతో కలిపి నీరు పోయే మందు వేసుకునే మనిషి, మొక్కు ఉందని అలిపిరి నుంచి 3550 మెట్లూ ఎక్కుతాడు. చెమట కారిపోతుంది, నీళ్ళు సరిగ్గా తాగడు. దిగొచ్చాక మోకాళ్ళు పట్టేస్తే షాపులో డైక్లోఫెనాక్ అడిగి కొని మూడు నాలుగు రోజులు మింగుతాడు. మూత్రపిండంలోకి రక్తం పోయే దారిని ఒక మందు ఒకవైపు, ఇంకో మందు ఇంకోవైపు సడలించి, బిగించి, మధ్యలో ఒంట్లో నీరే లేక, మూత్రపిండాలు సరిగ్గా వడకట్టడం లేదని చెప్పే క్రియాటినిన్ రక్తంలో ఎగబాకుతుంది. మూత్రం తగ్గింది, కాళ్ళు ఉబ్బాయి అంటూ వస్తారు. త్వరగా పట్టుకుంటే చాలామందికి మామూలుకొస్తుంది. ఇట్లాంటివాళ్ళు నొప్పికి ఏం వేసుకోవచ్చో కొండెక్కకముందే తమ డాక్టరును అడిగి పెట్టుకోవాలి.

టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలకు స్పైరనోలాక్టోన్ అనే నీరు పోయే మాత్ర తోడైతే రక్తంలో పొటాషియం పెరుగుతుంది. మామూలుగా అది మూడున్నర నుంచి 5 దాకా ఉంటుంది. ఆరున్నర దాటిందంటే గుండె ఆగే ప్రమాదం. పైకి ఏమీ కనబడకపోవచ్చు, కాళ్ళు బలం లేనట్టు అనిపించొచ్చు, అంతే. ఒకాయన కొడుకు "నీరసంగా ఉంది మేడమ్" అని రోజుకు మూడు కొబ్బరిబోండాలు తాగించాడు పాపం, ప్రేమతోనే. కొబ్బరినీళ్ళ నిండా పొటాషియమే. "సోడియం తక్కువ" అని అమ్మే ఉప్పు ప్యాకెట్లలో కూడా అదే ఉంటుంది.

షుగరు మాత్రల్లో గ్లిమెపిరైడ్ వేసుకునే ముసలివాళ్ళకు యూరిన్ ఇన్ఫెక్షన్‌కని కోట్రైమాక్సజోల్ ఇస్తే షుగరు దారుణంగా పడిపోవచ్చు. అదే సమయంలో స్కానింగుకని పస్తుంచితే ఇంకా. చెయ్యి వణకడం, గుండె దడ చూసి కనిపెడదామనుకుంటారు, కానీ మెటొప్రొలాల్ లాంటివి ఆ రెండు గుర్తులనూ దాచేస్తాయి. చెమట మాత్రం దాగదు. ఫ్యాను కింద పడుకున్న మనిషి నుదురు తడిగా ఉండి పిచ్చిమాటలు మాట్లాడుతుంటే నర్సును పిలిచి షుగరు చూడమనండి, తెల్లవారేదాకా ఆగొద్దు.

స్టెంటు వేయించుకుని, అందులో రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ వాడేవాళ్ళు గ్యాసు మాత్ర సొంతంగా కొనొద్దు. ఒమెప్రజోల్ దాని బలాన్ని తగ్గిస్తుందని అమెరికా ఎఫ్‌డీఏ 2009లోనే హెచ్చరించింది. ప్యాంటొప్రజోల్‌తో ఆ గొడవ తక్కువ. ఆయాసానికి డెరిఫిల్లిన్ వేసుకునేవాళ్ళకు సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ తోడైతే వాంతులు, దడ, ఒక్కోసారి ఫిట్సు. వాల్‌ప్రోయేట్‌తో ఫిట్సు అదుపులో ఉన్నవాళ్ళకు ఐసీయూలో మెరోపెనెమ్ అనే యాంటీబయాటిక్ పెడితే వాల్‌ప్రోయేట్ మట్టం ఒకట్రెండు రోజుల్లోనే పడిపోతుంది, ఆగిన ఫిట్సు మళ్ళీ మొదలవుతాయి. కాబట్టి ఎప్పుడో చిన్నప్పటి ఫిట్సైనా సరే, చెప్పండి. అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్ళు పంపర పనస జోలికి పోవద్దు. అది కూడా గేటు మూసే రకమే, ముఖ్యంగా పేగు గోడలో ఉండే గేటు; వాళ్ళు వేసుకునే మందు రక్తంలో పేరుకుపోతుంది.

డిప్రెషన్‌కు మాత్రలు వాడుతున్న సంగతి దాచేవాళ్ళు ఎక్కువ. 1984లో న్యూయార్కులో లిబ్బీ జయాన్ అనే 18 ఏళ్ళ అమ్మాయి జ్వరంతో ఆసుపత్రిలో చేరింది. ఫెనెల్జిన్ అనే డిప్రెషన్ మందు వాడుతుండగా పెథిడిన్ అనే మత్తు జాతి నొప్పి మందు ఇచ్చారు. తెల్లారేసరికి చనిపోయింది. ఆ కేసు తరవాతే అక్కడ జూనియర్ డాక్టర్లకు వారానికి 80 గంటల పని హద్దు వచ్చింది. మన దగ్గర ఎస్సిటాలోప్రామ్ వేసుకునేవాళ్ళకు నొప్పికి ట్రమడాల్ సూదో, లైనెజోలిడ్ అనే యాంటీబయాటికో పడితే ఒళ్ళు వణకడం, చెమటలు, జ్వరం, మతి తప్పడం కనబడవచ్చు. ఇన్ఫెక్షన్ ముదిరిందనుకుని పొరబడే లక్షణాలివి.

వార్డులో మీ కళ్ళకు పని చెప్పాల్సింది ముఖ్యంగా సెలైన్ గొట్టం దగ్గర. ఒకసారి ట్రైనింగులో ఉన్న పిల్ల, ఫిట్సుకిచ్చే ఫెనిటాయిన్ సూదిని గ్లూకోజు పోతున్న గొట్టంలోకే ఎక్కించడం మొదలుపెట్టింది. ఫెనిటాయిన్‌కు ఉత్త సెలైనే పడుతుంది, గ్లూకోజుతో విరుగుతుంది. జానెడు గొట్టంలో నీళ్ళు చూస్తుండగానే బియ్యం కడిగిన కుడితిలాగ తెల్లబడ్డాయి. పేషంటు చెల్లెలు "అక్కా, ఇది పాలా?" అని అడగబట్టి పరిగెత్తి క్లిప్పు బిగించాను. సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్, రింగర్ లాక్టేట్ అనే సెలైన్ కూడా ఒకే గొట్టంలో ఒకేసారి పోకూడదు, రింగర్ లాక్టేట్‌లోని కాల్షియంతో కలిసి ఆ మందు గట్టిపడుతుంది. పసిగుడ్డులకైతే మరీ ప్రమాదం. కాబట్టి గొట్టంలో తెల్లగా, మబ్బుగా, రేణువుల్లాగ ఏది కనబడ్డా అరవండి. మీరు క్లిప్పు ముట్టుకోవద్దు, మమ్మల్ని పిలవండి. తప్పయినా మేమేం అనం. అనేవాళ్ళుంటే వాళ్ళ ఖర్మ.

ముక్కు గొట్టంతో ఆహారం పోసేవాళ్ళకు ఫెనిటాయిన్ ఇస్తుంటే, ముందూ వెనకా ఎంతసేపు ఫీడింగ్ ఆపాలో అడిగి రాసుకోండి. పాలపిండితో పాటే పోసేస్తే మందు ఒంటికి సరిగ్గా పట్టదు. థైరాయిడ్ మాత్రకూ, కాల్షియం లేదా ఐరన్ మాత్రకూ 4 గంటల ఎడం ఉండాలి. వార్డుల్లో పొద్దున 8కి అన్నీ ఒకే కప్పులో పోసి ఇచ్చేస్తారు, అందుకని థైరాయిడ్ మాత్ర తెల్లవారుజామున విడిగా ఇమ్మని ముందే చెప్పి పెట్టుకోండి.

మీ దగ్గర ఇంటి మాత్రలుంటే మాకు తెలియకుండా వెయ్యకండి. మేమూ ఇస్తుంటాం, అది డబుల్ అవుతుంది. అట్లాగని భయపడి మీ అంతట మీరు ఏదీ ఆపొద్దు కూడా. కొత్త లక్షణం కనబడితే ఒక్కటి చూసుకోండి: గత రెండు మూడు రోజుల్లో కొత్తగా మొదలైంది ఏది, ఆగింది ఏది? నర్సుతో "కడుపునొప్పి" అని మాత్రమే చెప్పకుండా "సోమవారం ఈ సూది మొదలైంది, మంగళవారం నుంచి ఇట్లా ఉంది" అనండి. అప్పుడు కేసుషీటు తిరగేసే పని సగం తగ్గుతుంది.

డిశ్చార్జి రోజు అందరికీ తొందరే. బిల్లు, ఆటో, బస్సు టైము. ఆ తొందరలోనే పాత మాత్రలూ కొత్త మాత్రలూ కలిసి ఇంటికి పోతాయి. డిశ్చార్జి చీటీనీ మీ కాగితాన్నీ పక్కపక్కన పెట్టి, ఒక్కో పాత మందుకూ "ఉంచాలా, ఆపాలా, మార్చారా" అని డాక్టరుతోనో ఫార్మసిస్టుతోనో టిక్కు పెట్టించుకోండి. ఆపమన్న స్ట్రిప్పుల్ని అక్కడే వదిలెయ్యండి, "మళ్ళీ పనికొస్తాయి" అని దాచొద్దు. యాంటీబయాటిక్ ఇంకా సాగుతుంటే మళ్ళీ రక్తపరీక్ష ఎప్పుడో తేదీ రాయించుకోండి. మందులు వీలైనంతవరకు ఒకే షాపులో కొంటే, కొత్త చీటీ చూడగానే పాతవి గుర్తొచ్చే మనిషి ఒకడుంటాడు.

మందు వల్ల హాని జరిగిందనిపిస్తే, నిరూపణ అక్కర్లేదు, చెప్పొచ్చు. మందుల వల్ల జరిగే హానిని నమోదు చేసే, 2010లో మొదలైన జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ కేంద్రం. ఉచిత ఫోను 1800-180-3024. పేషంట్లు కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు.

అమ్మ దగ్గర ఇప్పుడొక 40 పేజీల నోట్‌బుక్ ఉంది. అట్ట మీద ఎర్ర పెన్నుతో "లోహపు కవాటం, ఆసిట్రోమ్" అని రాసిచ్చాను. ఐఎన్ఆర్ తేదీలు తమ్ముడు రాస్తాడు. ఆమెకు ఇంగ్లీషు రాదు, ఏ పేజీలో ఏముందో మాత్రం తెలుసు. పోయిన నెల పన్ను సలుపుతోందని పంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఆయన నోరు తెరవమ్మా అన్నాడంట. ముందు ఇది చూడు నాయనా అని పుస్తకం తెరిచి ఆయన చేతిలో పెట్టిందంట.